పటేలు చూపు – సంఘపు చూపు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 12:1–13; యోహాను 4:4–42



ఈ నెల మనము తెర మీద చూపే నిజమైన కథలను గూర్చి ఆలోచించుకొందము. "అయ్యగారూ, సంఘ పత్రికలో సినిమా మాటలేమిటి?" అని మీలో కొందరు అడగవచ్చు. చివరి వరకు చదివి అప్పుడు తీర్పు చెప్పండి.

మా చిన్నతనములో మా ఊరి గుడి ఆవరణలో 'కరుణామయుడు' చిత్రము వేశారు. 1978లో వచ్చిన చిత్రమది. భీంసింగ్ గారు తీశారు, విజయచందర్ గారు ప్రభువు పాత్ర ధరించారు. రెండు వెదురు గడలు పాతి తెల్లని తెర కట్టారు. చుట్టుప్రక్కల ఊళ్ళ వారు చీకటి పడక ముందే చాపలు, గోనె పట్టాలు తెచ్చుకొని చోటు పట్టుకొన్నారు. ప్రభువును కొరడాలతో కొట్టే చోటికి వచ్చేసరికి తల్లులు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చారు. మా ప్రక్కన కూర్చున్న ఒక పెద్దాయన చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మరునాటి సాయంత్రము ఆయనే సారా దుకాణము నుండి తూలుతూ వచ్చి, భార్యను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చాడు.

మేము ఆ రెండు దృశ్యాలనూ మరువలేదు. చిత్రములో లోపము లేదు. దానిని చూచి ప్రభువును తెలిసికొన్న కుటుంబాలు మన మెట్ట ప్రాంతములో ఎన్నో ఉన్నాయి. అయినా ఆ రాత్రి కన్నీటికీ, మరునాటి దెబ్బకూ మధ్య ఏదో ఒకటి తప్పిపోయింది. కథ విని ఏడవడము ఒకటి, కథ విని లేవడము మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమును గూర్చియే ఈ నెల మా మాట.

దావీదు రాజు పాపము చేసినప్పుడు నాతాను ప్రవక్త ధర్మశాస్త్రము విప్పి చదవలేదు. ఒక కథ చెప్పాడు. ఒక బీదవాడు, అతడు బిడ్డవలె పెంచుకొన్న ఒక చిన్న గొఱ్ఱెపిల్ల, దానిని లాగుకొని తన అతిథికి వండించిన ఒక ధనవంతుడు. రాజుకు కోపము మండిపోయింది. కథ అక్కడితో ఆగియుంటే దావీదు ఒక పూట కోపపడి, భోజనము చేసి పడుకొనేవాడు. కాని ప్రవక్త అక్కడ ఆగలేదు. ఆ ధనవంతుడు ఎక్కడో లేడు, ఈ సింహాసనము మీదనే ఉన్నాడని వ్రేలు చూపించాడు. అప్పుడు రాజు విరిగిపోయాడు. విన్నవాడు తన్ను తాను అందులో చూచుకొన్నప్పుడే కథ పని చేస్తుంది.

నిజముగా జరిగిన దానిని, నిజమైన మనుష్యులతో చూపే చిత్రమును డాక్యుమెంటరీ అంటారు. పూర్వము సినిమా హాళ్ళలో అసలు ఆట మొదలయ్యే ముందు ప్రభుత్వము వారి ఫిల్మ్స్ డివిజన్ చిత్రము ఒకటి వేసేవారు. ఆనకట్టలు, పంటలు, టీకాలు. అది అయ్యేదాకా మగవారు చాలామంది బయట నిలబడి బీడీ కాల్చుకొనేవారు. కారణము ఏమి? అందులో ఎవరో పైనుండి మనకు బోధించేవారు. మన మాట అందులో వినిపించేది కాదు.

ఇప్పుడు నెల్లూరు జిల్లాకు వెళ్దాము. 1990 తరువాత అక్కడ అక్షరాస్యత ఉద్యమము నడిచింది. పగలంతా కూలి చేసిన స్త్రీలు రాత్రివేళ లాంతరు వెలుగులో పలకలు పట్టుకొన్నారు. వారి వాచకములో సీతమ్మ కథ అని ఒక పాఠము ఉన్నది. భర్త త్రాగుడు వలన నలిగిపోయిన ఒక ఇల్లాలి కథ అది. అక్షరాలు నేర్పడానికి వ్రాసిన పాఠము అది. కాని దూబగుంట గ్రామ స్త్రీలు దానిని చదివి, ఈ సీతమ్మ మా ఇంటిలోనే ఉన్నదన్నారు. పలకలు ప్రక్కన పెట్టి, తమ ఊరి సారా దుకాణము మూయించడానికి బయలుదేరారు. వారిలో దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. తరువాతి వాచకములో దూబగుంట స్త్రీల కథనే పాఠముగా పెట్టారు. 'ఆడవాళ్ళు ఏకమైతే' అని దాని పేరు. అది చదివి ప్రక్క ఊళ్ళు లేచాయి. 1992 నాటికి స్త్రీలు సారా వేలములను అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రియైన నందమూరి తారక రామారావు గారు సంపూర్ణ మద్య నిషేధమునకు పూనుకొన్నారు. 1995 జనవరిలో అది అమలులోకి వచ్చింది.

1996లో శబ్నం వీర్మాని గారు ఈ ఉద్యమము మీద ఒక చిత్రము తీశారు. ఆడవాళ్ళు ఏకమైతే అనే అర్థము వచ్చే ఇంగ్లీషు పేరే దానికి పెట్టారు. ఆ చిత్రములో పేరున్న తారలు లేరు. ఉద్యమములో నడిచిన పల్లె స్త్రీలే తమ జీవితములో జరిగిన దానిని తిరిగి చేసి చూపించారు. ఒక పాఠము ఊరిని లేపింది, లేచిన ఊరు పాఠమైనది, ఆ పాఠము జిల్లాను లేపింది, ఆ జిల్లా కథ తెరకెక్కింది. గింజ మొలకై, మొలక వెన్నై, వెన్ను మరల విత్తనమైనట్లు.

నిజము దాచకూడదు. 1997లో ఆ సంపూర్ణ నిషేధమును సడలించారు. నేడు జగ్గయ్యపేట వైపు వెళ్ళినా నందిగామ వైపు వెళ్ళినా మద్యము దుకాణములు మనకు కనబడుతూనే ఉన్నాయి. కథ ఒక్కసారి చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఇశ్రాయేలీయులు పస్కా కథను ఏటేటా ఇంటింటా తమ పిల్లలకు చెప్పుకోవలసి వచ్చింది అందుకే.

రెండవ సంగతి మన పత్తి రైతులకు దగ్గరిది. నాటి మెదక్ జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు దగ్గర పస్తాపూర్ అనే ఊరున్నది. అక్కడ 1983 నుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ బీద స్త్రీల మధ్య పని చేస్తున్నది. దానిని స్థాపించిన వారిలో ఒకరైన పి.వి. సతీష్ గారు అంతకు ముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. ఆయన 2023లో కన్నుమూశారు. ఊరూరా స్త్రీలు సంఘములుగా కూడి బీడు భూములు సాగు చేశారు, పాత విత్తనాలు కాపాడుకొన్నారు. 1990ల చివర ఆ స్త్రీలలో కొందరు కెమెరా పట్టడము నేర్చుకొన్నారు. ఎక్కువమంది దళితులు, కూలి చేసుకొని బ్రతికేవారు, బడికి వెళ్ళనివారు. 2001లో వారంతా కలిసి కమ్యూనిటీ మీడియా ట్రస్టు అని ఏర్పడ్డారు. 2008లో మాచనూరు గ్రామములో తమ స్వంత రేడియో కూడా పెట్టుకొన్నారు. దాని పేరు సంఘం రేడియో.

ఆ స్త్రీలు కెమెరా కోణాలకు పెట్టుకొన్న పేర్లు వినండి. కెమెరాను పైన పెట్టి మనిషిని క్రిందికి చూస్తూ తీస్తే దానిని పటేల్ షాట్ అన్నారు. ఎందుకంటే పటేలు అరుగు మీద కూర్చొని, క్రింద నిలబడిన కూలివారిని అలాగే చూస్తాడు. క్రిందనుండి పైకి తీస్తే అది కూలివాడు తలెత్తి దొరను చూసే చూపు. కెమెరాను మనిషి కన్నులకు సమానముగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. సంఘములో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనుక.

ఇది మొదటిసారి విన్నప్పుడు మేము చాలాసేపు మౌనముగా ఉండిపోయాము. మనము ప్రతి ఆదివారము పలికే మాట కదా అది! సంఘము. ఆ పల్లె స్త్రీలు తమ కూడికకు పెట్టుకొన్న పేరుకు ఇంత అర్థము చెప్పగా, వేదాంత పాఠశాలలో చదివి వచ్చిన మాకు ఆ అర్థము అంతవరకు తట్టలేదు.

ఆ స్త్రీలు 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత వరంగల్ జిల్లా పల్లెలకు వెళ్ళారు. 1997–98లో పత్తి పోయి, అప్పులు మీదపడి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకొన్న జిల్లా అది. అక్కడి రైతులు బీటీ పత్తి వేసి ఏమి పొందారో, ఏమి పోగొట్టుకొన్నారో పంట కాలము పొడవునా వారి నోటితోనే చెప్పించి చిత్రము తీశారు. వరంగల్ రైతులకు ఈ పత్తి మీద కోపమెందుకు అని అడిగే ఆ చిత్రము 2003లో వచ్చింది. పెద్ద పెద్ద లెక్కలు చెప్పే వారి ఎదుట రైతు తన చేను గట్టు మీద నిలబడి తన లెక్క తాను చెప్పాడు. 2005లో మన రాష్ట్రములో మొదటి మూడు బీటీ రకాలకు అనుమతి తిరిగి ఇవ్వలేదు. అది ఆ చిత్రము ఒక్కదాని వలన అయినదని మేము అనము. రైతుల గొంతులు అనేకము కలిశాయి. తరువాత వేరే బీటీ రకాలు వచ్చాయి. నేడు మన నల్లరేగళ్ళలో పత్తి దాదాపు అంతా బీటీయే. గులాబీ పురుగు మరల వచ్చి ఆ పత్తినీ తింటున్నది. విత్తనము మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి మేము శాస్త్రజ్ఞులము కాము. మేము నేర్చుకొన్నది ఒక్కటే. నష్టపోయిన వాడి మాట వినకుండా అతని సంగతి ఎవరూ తేల్చకూడదు.

ఇక్కడ మా పాపమొకటి ఒప్పుకోవలెను.

చాలా సంవత్సరాల క్రితము ఒక సంస్థ వారు దూరదేశము నుండి దాతలను వెంటబెట్టుకొని, కెమెరాతో మా ప్రాంతమునకు వచ్చారు. బీదల కష్టములు చిత్రీకరించి, చూపించి, సహాయము సేకరిస్తామన్నారు. మేము ఎంతో ఉత్సాహముగా ముందు నడిచాము. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య ఒక పల్లెలో మా సంఘ సభ్యురాలు ఒకామె ఉన్నది. పత్తి మీద అప్పు తీరక ఆమె భర్త పురుగుల మందు త్రాగి చనిపోయాడు. ఆమె ఉతికిన చీర కట్టుకొని, తల దువ్వుకొని, అతిథులు వస్తున్నారని కాఫీ కాచి ఉంచింది. వచ్చినవారు ఆ చీర వద్దన్నారు. పాత చీర కట్టుకొని గుమ్మములో క్రింద కూర్చోమన్నారు. ఆ మాట తెలుగులో ఆమెకు చెప్పినది మేమే. కెమెరా పట్టినాయన కుర్చీ ఎక్కి తీశాడు. కాఫీ ఎవరూ త్రాగలేదు.

వారు వెళ్ళిన తరువాత ఆమె అన్నది: "అయ్యగారూ, వాళ్ళు మా ఆయన పేరు కూడా అడగలేదండీ. ఏడవమన్నారు, ఏడ్చాను."

ఆమెకు ఒక బియ్యము మూట, రెండు చీరలు వచ్చాయి. ఆ చిత్రమును ఆమెకు ఎవరూ చూపించలేదు. మేమూ అడగలేదు. కుర్చీ ఎక్కినది కెమెరా పట్టినాయన ఒక్కడే కాదు; ఆ రోజు మా చూపు కూడా పటేలు చూపే.

గత కోత పండుగకు ముందు మా యౌవనస్థులు ఫోనులతో సంఘస్థుల సాక్ష్యములు తీస్తామన్నారు. మాకు ఆమె జ్ఞాపకము వచ్చింది. వెళ్ళి మొదట క్షమాపణ అడిగాము. ఆమె నవ్వి, "ఇప్పుడెందుకులెండి అయ్యగారూ, రండి కూర్చోండి" అన్నది. ఈసారి తనకు నచ్చిన చీర కట్టుకొన్నది. తీసే అమ్మాయి ఆమె ఎదుట అదే చాప మీద కూర్చున్నది. ఏమి అడగవలెనో మేము చెప్పలేదు. ఆమె చెప్పదలచినది చెప్పింది. భర్త పేరు చెప్పింది. ఆయన పాటలు బాగా పాడేవాడని చెప్పింది. మందుల కొట్టులో బాకీ ఎంత, నూటికి మూడు రూపాయల వడ్డీ ఎలా పెరిగింది, కౌలు ఎంత అన్నీ వరుసగా చెప్పింది. కౌలు నోటిమాటే గనుక చచ్చిపోయిన వాడు రైతు అని ఏ కాగితములోనూ లేదని, అందుచేత ఏ సహాయమూ రాలేదని చెప్పింది. చివర కన్నీరు లేకుండా ఒక మాట అన్నది: "ఇప్పుడు మా అబ్బాయి కూడా కౌలుకే చేస్తున్నాడు. వాడి పేరు కూడా ఎక్కడా లేదు."

కోత పండుగ సాయంత్రము గుడి గోడకు దుప్పటి కట్టి ఆ ఎనిమిది నిమిషాల చిత్రము చూపించాము. అంతకు ముందు ఆమెకూ ఆమె కుమారునికీ చూపించి అనుమతి తీసికొన్నాము. ఆ కుమారునికి పొలము కౌలుకిచ్చిన పెద్దమనిషి కూడా మా సంఘములోనివారే. రెండవ వరుసలో కూర్చున్నారు. చిత్రములో ఆయన పేరు లేదు, ఆయనను నిందించిన మాట లేదు. కాని చివరి మాట దగ్గర గుడి అంతా నిశ్శబ్దమైపోయింది.

తరువాత ఏమైనదో ఉన్నది ఉన్నట్లు చెప్పుతాము. ఇద్దరు పెద్దలు ఇంటికి వచ్చి, అప్పులూ కౌళ్ళూ దేవుని మందిరములో చూపించే సంగతులా అని కోపపడ్డారు. ఒకరు ఒక నెల పాటు ఆరాధనకు రాలేదు. ఆ రాత్రి మేము కూడా తప్పు చేశామేమో అని నిద్రపోలేదు. మూడు వారాల తరువాత రెండవ వరుస పెద్దమనిషి కబురు పెట్టారు. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టము క్రింద కౌలుదారునికి కార్డు కావాలంటే పొలము యజమాని సంతకము కావలసి వచ్చింది. సంతకము పెడితే భూమి పోతుందేమోనని ఎందరికో భయము. "పదకొండు నెలల కాగితమే కదండీ, భూమి ఎక్కడికీ పోదు కదా?" అని మమ్మును రెండుసార్లు అడిగారు. తరువాత సంతకము పెట్టారు. పెట్టింది ఆయన ఒక్కరే. మిగిలినవారు ఇంకా పెట్టలేదు. అయినా ఆమె కుమారుని పేరు ఇప్పుడు ఒక కాగితములో ఉన్నది. ఆ కార్డు తెచ్చి ఆమె మాకు చూపించినప్పుడు ఏడ్చినది మేము.

యోహాను సువార్త నాలుగవ అధ్యాయములో ప్రభువు సుఖారను ఊరి దగ్గర బావి యొద్ద కూర్చున్నాడు. మధ్యాహ్నపు ఎండలో ఒంటరిగా వచ్చిన సమరయ స్త్రీని ఆయన పైనుండి చూడలేదు. తన దాహమునకు నీళ్ళడిగి, ఆమెతో సమముగా మాట్లాడాడు. అది సంఘపు చూపు కాదా? ఆమె కుండ అక్కడే విడిచి ఊరిలోనికి పరుగెత్తి తన కథ తానే చెప్పింది. ఆమె తరపున వేరొకరు చెప్పలేదు. ఆ సాక్ష్యము విని ఊరంతా బయలుదేరింది. ఊరివారు ఆమె మాట దగ్గరే ఆగలేదు, తామే వచ్చి చూచి విన్నారు. కథ విన్నవారు లేచి నడిచారు. 'కరుణామయుడు' చూచిన రాత్రి మా ఊరిలో తప్పిపోయినది ఇదే.

నేడు మన ఇళ్ళలో పిల్లల చేతిలో కెమెరా లేని ఫోను లేదు. కనుక యౌవనస్థులకు నాలుగు మాటలు. మొదటిది, ఎవరి కథ తీస్తున్నారో వారి అనుమతి అడగండి, వారితో పాటు చాప మీద కూర్చోండి. రెండవది, అందరికన్నా ముందు వారికే చూపించండి. వారు వద్దన్నది తీసివేయండి. మూడవది, కన్నీటి కొరకు పాత చీర కట్టించకండి. అబద్ధ సాక్ష్యము పలుకకూడదన్న ఆజ్ఞ ఫోనుకు కూడా వర్తిస్తుంది. ఎవరు తీశారో తెలియని వీడియోను ఇతరులకు పంపడము కూడా అందులోనిదే. నాలుగవది, చిత్రము అయిపోగానే ఆమేన్ అని లేచిపోకండి. ఎవరు ఏ ఆఫీసుకు వెళ్ళాలి, ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలి, ఆ రాత్రే నిర్ణయించుకోండి.

పెద్దలకు ఒక్క మాట. మనలో ఎవరి కథ తెర మీదికి వస్తే మనకు కోపము వస్తుందో, బహుశా అక్కడే నాతాను వ్రేలు మన వైపు చూపిస్తున్నాడు. కోపపడి వెళ్ళిపోదుమా, దావీదువలె తల వంచుకొందుమా?

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయండి. మీ వీధిలో ఇంతవరకు ఎవరూ కథ అడగని ఒక మనిషిని జ్ఞాపకము చేసికొనండి. వారింటికి వెళ్ళి, వారితో సమముగా కూర్చొని, వారు ఇచ్చిన కాఫీ త్రాగి, వినండి.

బావి యొద్ద కూర్చున్న మన ప్రభువు మన చూపును సరిచేసి, విన్నదానిని చేసే మనస్సు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.